కెమెరా కోసం వేసిన పక్క

తెనాలిలో చాలాకాలం వార్డు సిస్టరుగా చేసి రిటైరయ్యాక, ఇంట్లోంచి కదలకుండా నర్సింగ్ చెప్పే పని దొరికింది. రేపల్లెలో ఒక చిన్న ఆసుపత్రి, బాపట్లలో ఇంకొకటి. అక్కడి నర్సులు ఫోను పట్టుకుని మంచాల మధ్య తిరుగుతుంటే, ఏ రోగిని ఎలా చూసుకోవాలో నేను ఇక్కడినుంచి వీడియో కాల్‌లో చెబుతాను. మొదట్లో వాళ్లకు నా మొహం కంటే మా సీలింగ్ ఫ్యానే ఎక్కువ కనిపించేది. “ఫ్యాన్ బాగా తిరుగుతోందండి మేడమ్” అని బాపట్ల నర్సు మెచ్చుకునేదాకా నాకు తెలియలేదు.

ఆ రోజుల్లో రేపల్లెలో పెనుమూడి ఊరి మామ్మగారొకరు పక్షవాతంతో మంచం మీద ఉన్నారు. గండం గడిచింది, ఇంటికి పంపమని ఆవిడ గొడవ. కదలకుండా పడుకుని వీపు మీద పుండు పడకపోతే ఆదివారం పంపిస్తానన్నాడు డాక్టరు. పడితే ఎన్నాళ్లో చెప్పలేమన్నాడు. అందుకని రెండు గంటలకోసారి ఒత్తిగిలపెట్టి పడుకోబెట్టమని నర్సుకు మరీమరీ చెప్పాను.

మరుసటి కాల్‌లో మామ్మగారిని చూసి ముచ్చటేసింది. మడత నలగని దుప్పటి, నున్నగా దువ్విన తల, అందులో కనకాంబరాలు. ఫొటోకు కూర్చున్నట్టు పడుకున్నారు.

“పక్క ఎంత బాగా వేశావమ్మా! మరి పక్కకి తిప్పుతున్నావా?” అన్నాను.

“రోజూ తిప్పుతున్నామండి,” అంది రేపల్లె నర్సు. “ఇవాళే... మీరు చూస్తారని పొద్దున్నే రెడీ చేసేశామండి. దుప్పటి నలుగుద్దని కదలొద్దన్నాం.”

“టిఫిన్ అప్పట్నించీ ఇలాగే ఉన్నానమ్మా,” అన్నారు మామ్మగారు. “నువ్వొచ్చేదాకా ఊపిరొక్కటే తీసుకోమన్నారు.”

అదే కాల్‌లో ఉన్న బాపట్ల నర్సు నవ్వాపుకోలేక, “మా దగ్గరా అంతేనండి” అని తన ఫోను తిప్పింది. వరసగా అందరూ వెల్లకిలా, బుద్ధిగా, నా కోసం.

వీపులు కాపాడతానని వచ్చి, వాటికే ఎసరు పెట్టానన్నమాట.

గబగబా మామ్మగారిని తిప్పించాను. నడుము కింద ఎర్రగా ఉంది.

“వేలితో నొక్కి వదులమ్మా. తెల్లబడుతోందా?”

“తెల్లబడి మళ్లీ ఎర్రబడుతోందండి.”

“హమ్మయ్య. ఇంకా పుండు కాలేదు.”

దిండు ఎక్కడ పెట్టాలో మాటల్లో చెబితే వాళ్లకు అర్థం కాలేదు. పేపరు చదువుకుంటున్న మా ఆయన్ని లాక్కొచ్చి మంచం మీద పడేసి, ఒత్తిగిలపెట్టి, వీపు వెనకొకటి, కాళ్ల మధ్యొకటి దిండు పెట్టి చూపించాను.

“ఏం బాబూ, నీకూ పక్షవాతమా?” అన్నారు ఫోనులోంచి మామ్మగారు.

“లేదండీ, పెళ్లయింది,” అన్నారాయన.

అప్పట్నించి ఏ టైముకు కాల్ చేస్తానో చెప్పడం మానేశాను. శనివారం చేసినప్పుడు దుప్పటి నలిగి ముద్దయి ఉంది, దాని మీద చట్నీ మరక. మామ్మగారు గోడవైపు తిరిగి ఉన్నారు.

“మామ్మగారూ, మేడమ్ వచ్చారండి,” అంది నర్సు.

“రానీ. టైమవకుండా నేనిటు తిరగను.”

నర్సు చీర కొంచెం జరిపి చూపించింది. ఎరుపు లేదు.

“రేపు ఇంటికి ఎందులో వెళుతున్నారు మామ్మగారూ?” అని ఆ వీపునే అడిగాను.

“ఆటోలో,” అంది వీపు. “అందులోనూ ఒత్తిగిలే ఉండాలా?”