భాగ్యవ్వ గోలెంలో బూజు

భాగ్యవ్వ బాణామతి చేస్తోందని ఆర్మూర్‌లో చెప్పుకుంటున్నారు చూడండి, అది శుద్ధ అబద్ధం. ఆమె పెంచింది బూజు. అదీ వినోద కోసం.

వినోదది ఎదురిల్లు. పదిహేనేళ్లుగా ఇద్దరూ భాగ్యవ్వ అరుగు మీదే బీడీలు చుట్టేవారు. చేతులు ఆకుల మీద, నోళ్లు ఊరి మీద. నిరుడు వినోదకు డెంగీ వచ్చింది. దవాఖాన నుంచి వస్తూనే వాకిట్లోని సిమెంటు నీళ్ల గోలెం వైపు వేలు చూపించి, "గీ దోమలు పోయేదాంక నీ అరుగెక్క భాగ్యక్కా" అని బీడీల చేట ఎత్తుకుపోయింది.

ముచ్చట పెట్టే మనిషి లేక భాగ్యవ్వ బీడీలు కూడా వంకర పోయాయి. గోలెం ఎన్నిసార్లు పారబోసినా, నీళ్లు నింపగానే మళ్లీ దోమ పురుగులే.

"గుడ్లు గోడకు అతుక్కొని ఉంటయి పెద్దమ్మా. ఎండినా చావయి" అంది చెల్లెలి కూతురు ప్రవళిక. వ్యవసాయ కాలేజీలో దోమల మీద చదువుతున్న పిల్ల. పురుగులను చంపే బూజు పట్టించిన గోనెపట్టీ తెచ్చి, గోలెం లోపల నీళ్లకు కాస్త పైగా చుట్టూ కట్టింది. ఆ తడిలో బూజు పెరిగి గుడ్లను పట్టుకుంటుందట. "పదిహేను రోజులు ముట్టద్దు."

భాగ్యవ్వ ముట్టలేదు. ముట్టలేదంటే, ఒక్క శుక్రవారం తప్ప. ఆ పొద్దున గడపకు పసుపు రాస్తుంటే, వినోదను తిరిగి తెచ్చే దేవత ఇదే కదా అనిపించింది. గోనెపట్టీకీ నిండుగా పూసి, బొట్టు పెట్టి, దండం పెట్టింది.

గడువు రోజున ప్రవళిక తొంగిచూసి నెత్తి పట్టుకుంది. బూజు లేదు. పురుగులు గంతులేస్తున్నాయి.

"మామిడికాయ తొక్కుల పసుపెందుకేస్తవ్ పెద్దమ్మా? బూజు పట్టద్దనే గదా!"

"అయ్యో, దేవుడనుకున్న బిడ్డా!"

ఎదురింట్లోంచి వినోద పగలబడి నవ్వింది. "ఏంది భాగ్యక్కా, దోమలకు పేరంటం జేసినవా?"

"నవ్వకే! నీకోసమే గిదంతా."

ఆ మాటకు వినోద నవ్వు ఆగిపోయింది.

రెండో పట్టీ కట్టాక భాగ్యవ్వ పసుపు డబ్బా అటక ఎక్కించింది. ఈసారి గడువు రోజున ప్రవళిక భూతద్దంలో చూపిస్తే, గోడ మీది గుడ్లు చాలావరకు ఆకుపచ్చ నూగు కప్పుకొని ఉన్నాయి. గుడ్లు మునిగేలా అంచుదాకా నీళ్లు నింపితే తేలింది ఐదారు పురుగులే.

"వినోదా, చేట పట్టుకొని రా!"

వినోద వచ్చింది. గోలెంలోకి ఒకసారి, భాగ్యవ్వ మొహంలోకి ఒకసారి చూసి అరుగెక్కింది.

"దోమలు పోయినయని రాలే. రేపు శుక్రవారం. నీ చెయ్యి ఊకుంటదా? కావలి ఉండనీకె వచ్చిన."

అయినా వినోద ముచ్చట్లో పడితే కావలి మరిచిపోయే మనిషి. అందుకే మార్కెట్‌కు పసుపు తెచ్చేవాళ్లు శుక్రవారం అటుగా పోతే, భాగ్యవ్వ చేతిలో డబ్బా ఏమైనా ఉందేమో, జర చూసి పొండి.