కుందలహళ్ళిలో కృపామణి పండగ

కృపామణి బెంగళూరు కాపురం కుందలహళ్ళిలో, కదిరమ్మ మేడ మీది ఒంటిగదిలో మొదలైంది. ఇల్లుగలామెదీ తెలుగే. తాతలనాటి నుంచి బెంగళూరులో నానిన తెలుగు. కృపామణిది బాపట్ల పక్క, ఉప్పుగాలి తగిలిన తెలుగు. మొదటిరోజు పొద్దున్నే కదిరమ్మ మెట్ల దగ్గర నిలబడి అడిగింది.

"ఏమ్మా, నీళ్ళు పోసుకొంటివా?"

కృపామణి సిగ్గుపడింది. వాళ్ళ ఊళ్ళో ఆ మాట కడుపు పండిందా అని అడగడానికే వాడతారు. "ఇంకా లేదండీ. పెళ్ళయి రెండేళ్ళేగా."

"రెండేండ్ల నించీనా? మీ ఆయప్ప నీ పక్కన ఎట్ల పండుకొంటా ఉండాడమ్మా? పో, సోలార్‌లో ఉడుకునీళ్ళు ఉండాయి."

అడిగింది స్నానం సంగతని తెలిశాక ఇద్దరూ ఆ మెట్లమీదే కూలబడి నవ్వారు. ఈ ఏడు తొలివానలప్పుడు నిజంగానే ఆ మాట చెప్పాల్సి వచ్చింది. ఈసారి పొరపాటు పడకుండా, కృపామణి మాట్లాడలేదు. కదిరమ్మ చేయి తీసుకుని తన పొట్టమీద పెట్టుకుంది.

తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. క్రిస్మస్ పండగా అక్కడే జరగాలి. కానీ రక్తపోటు ఎక్కువగా ఉంది, ప్రయాణం కూడదన్నారు డాక్టరు. ఊళ్ళో డిసెంబరంటే గుడి గోడల మీద తడిసున్నం వాసన, బెల్లప్పాకం వాసన. ఇక్కడి డిసెంబరుకు వాసన లేదు. టెక్ పార్కు అద్దాల మీద నుంచి జారిపడే చలి ఒక్కటే ఉంది. అయినా పండగ పండగే. కారు నడిపే ఆమె భర్త దానియేలు ఒక కాగితపు నక్షత్రం తెచ్చి పిట్టగోడకు కట్టాడు.

"ఏమప్పా ఇది, మిఠాయంగడి మాదిరి చేసినావు ఇంటిని" అంది కదిరమ్మ. అని, తనే తన వరండాలోంచి వైరు లాగి దానికి కరెంటిచ్చింది.

పండగ ముందురోజు పొద్దున, దానియేలు విమానాశ్రయం సవారీకి వెళ్ళాక, కృపామణి అరిసెలకు నానబెట్టిన బియ్యం మిక్సీలో వేసింది. మిక్సీ తిరిగితే చాలు, లోపలి బిడ్డ ఉలిక్కిపడి తన్నేది. ఏడో నెల వచ్చాక అది తల్లీబిడ్డల ఆట.

ఆ పొద్దు బిడ్డ ఆడలేదు.

మిక్సీ ఆపింది. మళ్ళీ వేసింది. పిండి మెత్తనై, ఇంకా మెత్తనై, జార్ అంచులకు అంటుకుపోతున్నా వేస్తూనే ఉంది. బెల్లం ముక్క నోట్లో వేసుకుని ఎడమపక్కకు తిరిగి పడుకుంది. పొట్ట నిండుగా ఉంది, జనం లేచిపోయిన గదిలా నిశ్శబ్దంగా ఉంది. మిక్సీ మోత మీద మోత విని మెట్లెక్కి వచ్చిన కదిరమ్మ ఆమె ముఖం చూసి, ఏమీ అడక్కుండా ఆటో పిలిచింది.

స్కానింగు గదిలో చల్లటి జిగురు పొట్టమీద పాకింది. డాక్టరమ్మ తెర వైపే చూస్తూ బిడ్డ గుండెచప్పుడు కోసం యంత్రాన్ని అటూ ఇటూ జరిపింది. ఇంకో డాక్టరును పిలిచింది. ఆయనా జరిపాడు.

"సిగ్తా ఇల్ల" అన్నాడు మెల్లగా.

కృపామణికి కన్నడం కావాలి, వద్దు అనే బేకు, బేడల వరకే. కదిరమ్మ వీధిలో అంతకుమించి అవసరం పడలేదు. ఆమె తల తిప్పింది.

"ఏమంటున్నారు పెద్దమ్మా?"

రెండు భాషల్లోనూ పుట్టినప్పటి నుంచి బతికిన కదిరమ్మకు ఆ క్షణాన రెండూ ఎండిపోయాయి.

"దొరకలేదంట తల్లీ."

"ఏం దొరకలేదంట?"

కదిరమ్మ చెంగుతో ఆమె పొట్టమీది జిగురు తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే తుడుస్తోంది. కృపామణి ఆ చేతికేసి చూసింది. ఇక ఎవరూ ఏమీ తర్జుమా చేయనక్కర్లేకపోయింది.

భర్త రాగానే చేర్చుకుంటామన్నారు. నొప్పులు తెప్పించి కనాలన్నారు. బయట బెంచీ ఎదురుగా ఆసుపత్రివాళ్ళు పెట్టిన ప్లాస్టిక్ చెట్టు వెలిగి ఆరుతోంది. దాని కింద మెరుపుకాగితం చుట్టిన ఖాళీ అట్టపెట్టెలు. దానియేలు దారిలో ఉన్నాడు. అంతలో ఊరి నుంచి ఫోన్ వచ్చింది. అమ్మ గొంతు వెనక ఎవరో డప్పు సరిచేసుకుంటున్నారు, పిల్లలు రంగుకాగితాల కోసం కొట్లాడుకుంటున్నారు.

"అమ్మాయ్, గుళ్ళో ఉన్నా. వినపడతందా? మీ ఆయన నాకు టికెట్టు చేయిస్తానన్నాడుగా, అయిందా?"

చెప్పాలనే కృపామణి నోరు తెరిచింది. లోపల ఒక్క మాటే మిగిలి ఉంది.

"దొరకలేదంటమ్మా."

"ఓసి, ఆ మాత్రానికి ఏడుస్తన్నావా? పండగ రద్దీ, ఎట్టా దొరుకుద్ది? దిగులు పడమాక. జనరల్లో కింద కూచోనన్నా వస్తా."

కదిరమ్మ ఫోన్ కోసం చేయి చాపింది. కృపామణి ఇవ్వలేదు.

"నా పాత నూలుచీరలు ఉతికి పెట్టా, మెత్తగా వెన్నలా ఉన్నయ్యి. పొత్తిగుడ్డలకి ఎన్ని తెమ్మంటావ్?"

చెట్టు ఆరింది. వెలిగింది.

"ఒక్కటి చాలమ్మా."

అవతల అమ్మ నవ్వింది. "ఒక్కటేం సరిపోద్దే పిచ్చిమొహమా, పూటకి నాలుగు తడుపుతారు పిల్లలు" అంది. పక్కనున్న వాళ్ళకు కూడా ఆ మాట చెప్పింది. వాళ్ళూ నవ్వారు.