నాన్నమ్మ పాటలూ, మా బావ నొక్కిన డీ

ఇంట్లో కంప్యూటర్ ఉందని చెప్తే అవతలివాళ్ళు కుర్చీలో కాస్త సర్దుకుని కూర్చునే కాలం ఒకటుండేది. అనకాపల్లిలో మా వీధి మొత్తానికి ఆ మర్యాద మాకొక్కళ్ళకే దక్కింది. నిజానికి అందులో మా గొప్పేమీ లేదు. నాన్న ఆఫీసులోకి కొత్తవి వచ్చేక పాతవాటిని వదిలించుకుంటుంటే, ఆయన ఒకదాన్ని షేర్ ఆటోలో ఒళ్ళో పెట్టుకుని, చంటిపిల్లని తెచ్చినట్టు ఇంటికి తెచ్చేడు. మానిటర్‌కి వయసు మీదపడి బొమ్మంతా కిందికి జారిపోయి ఉండేది. తెర అడుగునుండే ఆఖరి వరసలో అక్షరాలకి తలకాయలే కనిపించేవి, మొండేలు కనిపించేవి కావు. అయినా అమ్మ దానికి లేసు గుడ్డ అల్లి కప్పింది. ఆ గదిలోకి చెప్పులతో వెళ్ళకూడదు, తడి చేతుల్తో అసలే వెళ్ళకూడదు. నేనప్పుడే డిగ్రీ పూర్తిచేసి ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ సారుగా చేరేను. (ఆ స్కూల్లో పిల్లలకి కంప్యూటర్ కంటే బోర్డు మీద నేను గీసిన కంప్యూటర్ బొమ్మే ఎక్కువ పరిచయం.) 'సి డ్రైవ్ అంటే మనం కాపురముండే ఇల్లు, డి డ్రైవ్ అంటే సామాన్లు దాచుకునే కొట్టుగది' అని చెప్పి, నా పోలికకి నేనే మురిసిపోయేవాణ్ణి. వీధిలో మాత్రం నేను పెద్ద నిపుణుణ్ణి. ఎవరింట్లో టీవీలో బొమ్మ రాకపోయినా నన్నే పిలిచేవారు.

మా నాన్నమ్మది రాంబిల్లి దగ్గర సముద్రప్పల్లె. చదువు లేదు గానీ, వయసులో ఉండగా ఇసకలో చేపలు ఎండబెడుతూ, కాకుల్ని తోలుతూ దేవుడి మీద సొంతంగా పాటలు కట్టుకుంది. అవి ఏ పుస్తకంలోనూ లేవు, ఆవిడ నోట్లోనే ఉన్నాయి. ఆ ఏడు చర్చి వార్షికోత్సవం వస్తోందని పాస్టరుగారు నన్ను పిలిచి, "మామ్మగారి పాటలు ఆవిడతోనే పోకూడదు బాబూ. నీ కంప్యూటర్లో ఎక్కించు, పండగనాడు స్పీకర్లలో వేద్దాం" అన్నారు. వేసవి సెలవులన్నీ అదే పని. నాన్నమ్మ మైకు దగ్గర కూర్చుని, పాట మధ్యలో "ఇనబడతందేట్రా?" అని అడిగేది, కిటికీ ఎక్కిన పిల్లిని తిట్టేది, మళ్ళీ రాగం అందుకునేది. తిట్లు కోసి పాటలు మిగిల్చి, అన్నిటినీ కొట్టుగదిలో, అంటే డి డ్రైవ్‌లో, భద్రంగా దాచేను. "ఇంక భయం లేదు నాన్నమ్మా, నువ్వు మరిచిపోయినా ఇది మరిచిపోదు" అన్నాను. ఆవిడ ఆ కంప్యూటర్ పెట్టి మీద చెయ్యేసి, "నాకన్నా దీనికే గ్యాపకం ఎక్కువన్నమాట" అంది తృప్తిగా.

వార్షికోత్సవం ఆదివారమనగా శుక్రవారం పొద్దున్న మీట నొక్కితే కంప్యూటర్ లేవలేదు. నల్లటి తెర మీద, ఏదో ఫైలు కనబడటం లేదని తెల్లటి ఇంగ్లీషు ముక్క ఒకటి వచ్చింది. ఆపి మళ్ళీ వేసేను. అదే ముక్క. వెనకాల తీగలన్నీ పీకి, దులిపి, మళ్ళీ గుచ్చేను. మళ్ళీ అదే ముక్క. స్కూల్లో నేను చెప్పే పాఠం 'కంప్యూటర్‌ను ఆన్ చేయుట' దగ్గర మొదలయ్యేది. ఆన్ అవకపోతే ఏం చేయాలో ఆ పుస్తకం రాసినాయన ఎక్కడా చెప్పలేదు. ఇక గత్యంతరం లేక కశింకోటలో ఉన్న మా మేనత్త కొడుక్కి ఫోన్ చేసేను. విశాఖపట్నంలో హార్డ్‌వేర్ కోర్సులో చేరి, సగంలో మానేసినా ఆ పేరు మాత్రం మానకుండా నిలబెట్టుకున్నవాడు. అందరం హార్డ్‌వేర్ బావ అనేవాళ్ళం.

బావ బండి మీద వచ్చేడు. జేబులోంచి, కవరు కూడా లేని సీడీ ఒకటి తీసేడు. "ఏటి బావా, దీనికేనా అంత కంగారు? సిస్టమ్ చెడిపోనాది అంతే. సీడీ ఎట్టి రిపేరు కొట్టేత్తే అదే లేచి కూకుంటాది. నీ పాటలకేటీ అవదు" అన్నాడు. వాడి ధీమా చూసి అమ్మ టీ పెట్టింది, నాన్నమ్మ పీట తెచ్చుకుని పక్కన కూర్చుంది. రిపేరు మొదలైంది. ఫైళ్ళు ఒక్కొక్కటే ఎక్కుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. అంతలో ఒక ఫైలు ఎక్కనంది. బావ సీడీ బయటికి తీసి, ఊదేడు, చొక్కా అంచుతో తుడిచేడు, చివరికి మా అమ్మ పౌడరు అద్ది మరీ తుడిచేడు. ఎక్కలేదు. "ఇది లేకపోనా పరవాలేదులే, దాటేద్దాం" అన్నాడు. తర్వాత ఇంకోటి ఎక్కలేదు. అదీ దాటేం. అలా దాటుకుంటూ, తడుముకుంటూ సగం దూరం పోయేసరికి కరెంటు పోయింది. యూపీఎస్ నాలుగు కేకలు పెట్టి, అదీ కన్నుమూసింది.

కరెంటు వచ్చేక చూస్తే పరిస్థితి పొద్దుటికన్నా హీనం. పొద్దున్న అది లేవలేదంతే. ఇప్పుడు లేస్తోంది, సగం బొమ్మ చూపిస్తోంది, చప్పున పడుకుని మళ్ళీ లేస్తోంది. మధ్యాహ్నమంతా అదే తంతు. నాన్నమ్మ పెట్టి మీద రెండు చేతులూ ఉంచి ప్రార్థన చేసింది. "తండ్రీ, ఇది మరీ ముసిల్ది, నాలాగే. లేపితే నిలబడేలా లేపు, లేపోతే ఇలాగ ఆడించమాకు" అంది. నాకు నవ్వు రాలేదు. పాస్టరుగారు అప్పటికే పండగ కార్యక్రమంలో నాన్నమ్మ పాటల పేర్లు చదివేసేరు. రాంబిల్లి నుంచి ఆవిడ తోటివాళ్ళు కూడా వస్తున్నారు.

"ఇంక కొత్త సిస్టమ్ ఎక్కించీడమే. సి లో ఎక్కిత్తాం, డి ని ముట్టుకోం" అన్నాడు బావ. సరేనన్నాను. నీలం తెర మీద సి, డి రెండూ వరసగా కనిపించేయి.

"పాటలెందులో ఉన్నాయి?"

"డి లో."

బావ తెర అడుగున తలకాయలు మాత్రమే ఉన్న ఆఖరి వరసలోకి కళ్ళు చికిలించి చూసేడు. "ఇక్కడేదో డి అని రాసుంది బావా. డి ని పక్కన ఎట్టీడానికే అయ్యుంటాది" అని, డి డ్రైవ్ మీదికి వెళ్ళి, డి నొక్కేడు. వెంటనే పెద్ద ఇంగ్లీషు పేరా ఒకటి వచ్చింది. ఏ వాక్యమైనా అర్థం చేసుకుంటూ నెమ్మదిగా చదవడం సారుగా నా అలవాటు. చదవకుండా నొక్కడం బావ అలవాటు. 'ఇందులో ఉన్నదంతా పోతుంది' అన్న ఆఖరి ముక్క దగ్గరికి నేను వెళ్ళేసరికి, "ఎల్ నొక్కమంటంది" అని వాడు ఎల్ నొక్కేసేడు.

ఆ వరసలో ఉన్న డి, డిలీట్‌లో డి. ఇప్పుడు డి డ్రైవ్ లేదు. అది ఉండాల్సిన చోట, ఖాళీ అని రాసుంది.

నేను అరిచిన అరుపుకి అమ్మ గరిటెతో పరుగెత్తుకొచ్చింది. (ఎవర్ని కొట్టాలో తెలీక గుమ్మంలోనే ఆగిపోయింది.) "కంగారు పడకు బావా, తీసేసినోడికి మళ్ళీ ఎట్టీడం రాదేటి?" అంటూ బావ మళ్ళీ డి ని పుట్టించి, శుభ్రంగా ఉండాలని ఫార్మాట్ కూడా చేసేడు. పసుప్పచ్చ గీత ఒకటి తెర మీద మెల్లగా పాకుతుంటే ఇద్దరం ఆశగా దాన్నే చూస్తూ కూర్చున్నాం. పాటలు ఆ ఖాళీ అన్న చోటే ఇంకా ఉన్నాయనీ, తెలిసినవాడు ఎవడైనా తీసి ఇచ్చేవాడనీ, వాటిని నిజంగా తుడిచింది ఆ పసుప్పచ్చ గీతేననీ చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ సంగతి బావకి నేనింతవరకూ చెప్పలేదు.

సాయంత్రానికి సిస్టమ్ బంగారంలా లేచింది. చక్కటి రంగులు, చక్కటి చప్పుడు. డి తెరిస్తే కడిగిన పళ్ళెంలా ఉంది.

"ఏటర్రా, పెట్టి లేచిందా? అయితే పాడించు" అంది నాన్నమ్మ.

"పెట్టి లేచింది నాన్నమ్మా. పాటలు పోయేయి."

ఆవిడ ఒక్క క్షణం మా ఇద్దరి మొహాలూ చూసింది. "పోతే పోనాయి. నానింకా సావలేదు కదా, మళ్ళీ పాడతాను. అదేదో గొట్టం ఇలాగ ఎట్టు" అని గొంతు సవరించుకుంది. 'వల బరువైనా నీ దయే దేవా, వల వట్టిదైనా నీ దయే దేవా' అని పల్లవి ఎత్తుకుంది, మొదటి చరణం పాడింది. రెండో చరణం దగ్గర ఆగిపోయింది. మళ్ళీ పల్లవి అందుకుంది, మళ్ళీ అక్కడే ఆగింది. వేరే పాటలు మొదలెడితే కొన్నిటికి మొదలుంది, తుది లేదు.

"నువ్వు పెట్లో ఎట్టేసేవు కదా బాబూ" అంది చివరికి, చిన్నపిల్లలా బిక్కమొహం వేసుకుని. "ఇంక నాకెందుకులే అని వగ్గేసేను."

నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయేను. బావ నా వెనకాలే వచ్చి కొళాయి దగ్గర నిలబడ్డాడు.

ఆదివారం చర్చిలో స్పీకర్లు పెద్దవే పెట్టేరు, వేయడానికి పాటలే లేవు. సంగతి విన్న పాస్టరుగారు మైకు తీసుకెళ్ళి నాన్నమ్మ చేతికిచ్చేరు. ఆవిడ లేచి నిలబడి వల పాట ఎత్తుకుంది. పల్లవి అయింది, మొదటి చరణం అయింది. రెండో చరణం వస్తుంటే నేను తల దించేసుకున్నాను. బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు. నాన్నమ్మ ఆగలేదు. కళ్ళు మూసుకుని, మాటలుండాల్సిన చోటల్లా "ఊఁ... ఊఁహూఁ..." అంటూ చరణమంతా రాగంతోనే లాగి, పల్లవిలోకి తిన్నగా వచ్చి పడింది. రాంబిల్లి ఆడవాళ్ళు అదే పద్ధతనుకుని, రెండోసారి వాళ్ళూ గొంతు కలిపేరు.

నాన్నమ్మ పోయి చాలా కాలమైంది. ఆ పాట మాత్రం మా చర్చిలో ఇప్పటికీ పాడుతున్నారు, రెండో చరణం ఊఁహూఁలతోనే. మొన్నీమధ్య కొత్తగా కీబోర్డు వాయిస్తున్న అమ్మాయి నన్నడిగింది, "అంకుల్, ఆ చరణంలో మాటల్లేకుండా రాగమే ఉంచడం ఎంత బాగుందో! ఎవరి ఆలోచనండీ?" అని.

"మా బావది" అన్నాను.

ఆ అమ్మాయి గౌరవంగా తలూపింది. ఆ చరణం వచ్చినప్పుడల్లా, నీలం తెర ముందు ఇంగ్లీషు పేరా తప్పుల్లేకుండా చదువుతూ కూర్చున్న ఆ కుర్ర కంప్యూటర్ సారు నా కళ్ళముందు కనిపిస్తాడు. నవ్వొస్తుంది. నవ్వుతూ పాడలేను కాబట్టి కళ్ళు మూసుకుని, అందరికన్నా గట్టిగా ఊఁ కొడతాను.