కుంకుడురసంతో కడిగిన కెమెరా

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. "వీనికి కాళ్లకు చక్రాలుండాయి" అని మా అమ్మ నా చిన్నప్పుడే తేల్చేసింది. ప్రొద్దుటూరులో మా తాతల నాటి బంగారు అంగడి ఉంది. తమ్ముడు పొద్దుటి నుంచి పరుపు మీద కదలకుండా కూర్చుని వ్యాపారం చేస్తుంటే, నేను పాత కెమెరాల వెంట ఊళ్లు తిరుగుతుంటాను. మొదట సరదాకు కొన్నాను. తర్వాత మోసపోయాను. ఆ కోపంతోనే నేర్చుకున్నాను. ఇప్పుడు చుట్టుపక్కల ఎక్కడ పాత కెమెరాలు వేలానికి వచ్చినా, ఏది అసలుది, ఏది అతుకులది, ఎంత పలుకుతుంది అని చెప్పడానికి నన్నే పిలుస్తారు.

బంగారానికి గీటురాయి ఉంది. కెమెరాకు అట్లాంటిదేమీ లేదు. మరమేకుల తలలు అరిగి ఉంటే ఎవరో విప్పి చూశారని అర్థం. లెన్స్ మీది నంబరు, కెమెరా ఒంటి మీది నంబరు ఒకే కాలానివి కావాలి. షట్టర్ నొక్కి చెవి దగ్గర పెట్టుకుని వినాలి. పైన చెక్కిన అక్షరాలుంటే వాటి గాడిలోకి భూతద్దంతో చూడాలి. పాత గాడిలో పాత మురికి ఉంటుంది. నిన్న చెక్కిన గాడి శుభ్రంగా ఉంటుంది. ఈ మాట నేను ఎందరికో పాఠంలాగా చెప్పాను. చెప్పేటప్పుడు కొంచెం పొగరుగానే చెప్పాను.

పోయిన ఏడాది పులివెందులలో ఒక పెద్ద రైతు కుటుంబం, కాలం చేసిన తమ పెద్దాయన కూడబెట్టిన కెమెరాలను వేలం వేసింది. సరుకు చూసి ధర చెప్పే పని నాకిచ్చారు. ఆ కబురు విని జమ్మలమడుగు నుంచి ఒక ఫోటో స్టూడియో ముసలాయన ఫోన్ చేశాడు. తన దగ్గరా ఒకటుందని, దాన్ని కూడా వేలంపాటలో పెట్టించమని అడిగాడు. నేను ఆ గంటలోనే మోటార్ సైకిల్ ఎక్కాను.

చిన్న గది. నేల నుంచి పైకప్పు దాకా అట్టపెట్టెల్లో నెగటివ్‌లు. ఆ ఊరి పెళ్లిళ్లు, బడి పిల్లలు, పోయినవాళ్ల చివరి ఫోటోలు అన్నీ వాటిలోనే ఉన్నాయి. గది యజమాని అమ్మకానికి పెట్టాడట. కొంటే నువ్వే కొను, లేకపోతే నెలాఖరుకు ఖాళీ చెయ్ అన్నాడట.

"నాదేముందిలే అప్పా, యాడన్నా పడుంటా. ఈ డబ్బాలు వీధిలో పడకూడదు. అందుకే ఇది అమ్ముతాండా," అంటూ తువ్వాలు మూట విప్పాడు.

జర్మనీ కెమెరా. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఒక మిలిటరీ మనిషి దగ్గర వాళ్ల నాయన కొన్నాడట. పైభాగమంతా ఎర్రగా, పసుపుగా గట్టిపడిన పొర. ఏటేటా ఆయుధపూజకు పెట్టిన పసుపు, కుంకుమ, గంధం. ఆ పొర కింద గోటికి ఏవో గీతలు తగిలాయి. భూతద్దం పెట్టి చూస్తే రెండు అక్షరాలు. జర్మనీ సైన్యం కోసం చేసిన కెమెరాలకే ఆ గుర్తు వేసేవారు. మామూలు దానికీ దీనికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా.

"మామా, ఈ గది నీదే అనుకో," అనేశాను. అట్లా అనే హక్కు నాకెవరిచ్చారో నాకే తెలియదు.

"జాగ్రత్తప్పా. మా ఇంట్లో ఆమె ఉన్నన్నాళ్లు దీనికి..." అని ఆయన ఏదో చెప్పబోయాడు. నాకు వినే ఓపిక ఎక్కడిది? అంతా నేను చూసుకుంటానని కెమెరా చంకన పెట్టుకుని బయటపడ్డాను.

ఆ సాయంత్రం మా అంగడి వెనక వసారాలో కూర్చుని దాన్ని కడిగాను. మా ఇంట్లో పుట్టిన ఎవరైనా ఆ పనే చేస్తారు. పాత నగ ఏది వచ్చినా ముందు కుంకుడురసంలో ముంచి, కుచ్చు బ్రష్షుతో రుద్ది, మురికి తీసి, ఆ తర్వాతే తూకం, బేరం. "ముందు కడుగు, తర్వాత మాట్లాడు" అనేవాడు మా నాయన. కెమెరా లోపలికి తడి పోకుండా ఎంత శ్రద్ధ తీసుకున్నానో! కుచ్చు తడిపి, విదిలించి, అక్షరాల గాడిలో ఒక్క నలుసు మిగలకుండా రుద్దాను. మెరుగు గుడ్డతో తుడిచాను. తళతళలాడింది. నేను పాఠంలాగా చెప్పిన మాట అప్పుడు నాకు గుర్తు రాలేదు. చిన్ననాటి చేతి అలవాటు ముందు, పెద్దయ్యాక నేర్చిన విద్య ఎందుకూ పనికిరాలేదు. జేబులో ఫోనుంది, కడగకముందు ఒక ఫోటో తీసుకోవాలని కూడా తోచలేదు.

వేలానికి ముందు రోజు కొనేవాళ్లు వచ్చి సరుకు చూసుకున్నారు. బెంగళూరు నుంచి వచ్చిన ఒకాయన ఆ కెమెరాను చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"కెమెరా జర్మనీదే. అక్షరాలు మాత్రం ఈ మధ్య చెక్కించినవి. గాడి చూడండి, ఎంత శుభ్రంగా ఉందో," అన్నాడు.

ఆయన తప్పేమీ అనలేదు. ఆయన చోట నేనున్నా అదే అనేవాణ్ని.

అప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. జమ్మలమడుగుకు ఫోన్ చేశాను. "మామా, నువ్వు ఈ కెమెరా పట్టుకోనున్న పాత ఫోటో ఒక్కటన్నా ఉందా?"

"నన్నెవరు తీస్తారప్పా? కెమెరా నా చేతిలోనే ఉండె కదా. ఏంది, ఏమయింది?"

"ఏమీ లేదు మామా," అన్నాను.

మోటార్ సైకిల్ మీద ప్రొద్దుటూరు బయల్దేరాను. దారిలో ఒక సంగతి తట్టింది. మా బంగారు అంగళ్ల వీధిలో ఊడ్చిన కసువు కూడా పారబోయరు. నగలు కడిగిన నీళ్లు అసలే పారబోయరు. అడుగున బంగారు రజను ఉంటుందని తొట్టిలో దాస్తారు. నేను కెమెరా కడిగిన గిన్నె కూడా అలవాటు ప్రకారం పక్కన పెట్టే ఉంటుంది. వెళ్లి చూస్తే ఉంది. నీళ్లు తేటపడి, అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంది. నీళ్లు వంచేసి, దాన్ని ఆరబెట్టి, పొట్లం కట్టుకున్నాను. తమ్ముడు చూసి, "ఏందన్నా అది?" అన్నాడు. వానికి చెప్పడానికి నాకు సిగ్గేసింది.

మర్నాడు పులివెందుల కల్యాణ మండపంలో వేలంపాట మొదలైంది. ముసలాయన ఉతికిన చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. కెమెరాను బల్ల మీద పెట్టగానే, "శానా మెరుస్తాంది అప్పా!" అన్నాడు మురిసిపోతూ. ఆయన కళ్లకు ఆ మెరుపు తప్ప ఇంకేమీ ఆనినట్టు లేదు.

పాట పాడేవాళ్లు మామూలు కెమెరా ధర దగ్గరే ఆగిపోయారు. నేను లేచి నిలబడ్డాను. దీన్ని కడిగింది నేనేనని, అక్షరాల్లో ఏళ్లనాటి కుంకుమ ఉండేదని, ఇదిగో ఆ మడ్డి అని పొట్లం విప్పి చూపించాను. మండపంలో నవ్వులు. "ప్రొద్దుటూరాయన కదా, వడ్డాణం అనుకున్నాడు," అని ఎవరో వెనక నుంచి అన్నారు.

బెంగళూరాయన నవ్వలేదు. "కుంకుమ ఎక్కడైనా దొరుకుతుందండి. ఇది దీనిదేనని ఎవరు చెప్పాలి?" అన్నాడు.

"నేను చెబుతున్నాను."

"మీరు అమ్మేవాళ్ల మనిషి."

ముసలాయన లేచి బల్ల దగ్గరకు వచ్చాడు. "ఈ ధరకు ఇస్తే గదీ రాదు, ఇదీ ఉండదు. నేను అమ్మనప్పా," అని కెమెరాను తువ్వాల్లో చుట్టుకుని బయటికి నడిచాడు.

నేను వెనకాలే పరుగెత్తాను. మెట్ల మీద కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. గది పోయినా డబ్బాలు పోనివ్వనని, మా మిద్దె మీదికి తెచ్చి పెడతానని చెప్పాను. తల ఊపాడు. తర్వాత చెయ్యి చాచి, "ఆ పొట్లం ఇట్లా ఇయ్యి," అన్నాడు.

ఇచ్చాను. ఒళ్లో విప్పి పెట్టుకున్నాడు.

"ఆమె పెట్టేదప్పా ఈ బొట్టు. పెండ్లయిన కాడి నుంచి పోయేదాకా, ఏటేటా ఒకే చోట. ఆమె పోయినాక నేను ఆడ చెయ్యి పెట్టలే."

వేలు తడి చేసుకుని ఎర్రపొడిలో అద్దాడు. ఆ వేలిని కెమెరా మీదికి తెచ్చి ఆపాడు.

"నాకు కండ్లు ఆనవు. ముందు ఆడ పొర మందంగా తగిలితే తెలిసేది. నువ్వు కడిగినోనివి కదా, యాడుండెనో చూసింటావు. చెప్పు."

దాని ప్రతి మరమేకును చూశాను. నంబరు చూశాను, అక్షరాలు చూశాను, లెన్స్ అంచున ఉన్న గీత కూడా చూశాను. బొట్టు ఎక్కడుందో మాత్రం చూడలేదు. అదంతా నాకు మురికి.

ఆయన వేలు అట్లాగే గాలిలో ఆగి ఉంది. పట్టుకుని తెచ్చి ఒకచోట ఆనించాను.

"ఈడే మామా," అన్నాను.