ఏడో తరగతి జాబితా

చంద్రగిరి ఇంకా రెండు మైళ్ళుందనగా బస్సు టైరు పేలింది. అందరూ దిగి చింతచెట్ల నీడకు చేరారు. చిత్తూరు నుంచి తిరుపతికి పోయే ఆ రోడ్డు పక్కన చింతచెట్లు నాటించినవాడెవడో గాని, బస్సుల సంగతి ముందే తెలిసినవాడై ఉంటాడు.

స్కూళ్ళ డిప్యూటీ ఇన్‌స్పెక్టరు దేవరాజులు సంచిలో ఒక రిపోర్టు ఉంది. తిరుపతిలో రైల్వే గేటు అవతలి మునిసిపల్ బడిలో ఏడో తరగతి ఎత్తెయ్యాలని దాని సారాంశం. నిరుడు పబ్లిక్ పరీక్షకు నలభై ఒక్క మంది కూర్చుంటే తొమ్మండుగురే గట్టెక్కారు. తీరా చూస్తే ఆ బడి అయివారు ప్రేమానందమే అదే బస్సు దిగి చెట్టుకింద నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, ఈడ దొరికినావా?"

"మీ ఆఫీసుకే పోయొస్తా ఉండాను సార్. కుర్చీలో మీ తుండుగుడ్డ మాత్రం కూర్చోనుండాది."

దేవరాజులు నవ్వేశాడు. అయివారు ఈ ఏడు పరీక్ష రాసేవాళ్ళ జాబితా తీసిచ్చాడు. నలభై పేర్లు.

"మళ్ళా అందర్నీ రాసినావా! పక్క వీధి బడిని సూడు. పద్దెనిమిది మందిని పంపిరి, పద్దెనిమిదీ పాసు."

"వాళ్ళ తరగతిలో ఎంతమంది ఉండారో అడిగినారా సార్?"

అడగలేదు. తప్పేలా ఉన్నవాళ్ళ పేర్లు ముందే కొట్టెయ్యడం బళ్ళలో మామూలే. తాను పంతులుగా ఉన్నప్పుడు దేవరాజులూ కొట్టేశాడు. జనాభా లెక్కలప్పుడు ఇల్లులేనివాళ్ళ కోసం ఒక రాత్రంతా వీధులు వెతుకుతారు. జాబితాలో లేని పిల్లల్ని వెతికేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

"మా బిడ్డలెవురు సార్? తలనీలాలు తీసేవాళ్ళ బిడ్డలు, రిక్షావోళ్ళ బిడ్డలు. అరవోళ్ళ పెరటాసి నెల శనివారాలొస్తే సగం తరగతి కొండదారిలో కర్పూరం అమ్ముతా ఉంటాది. నేనూ ఆడికే పోయి ఎక్కాలు అప్పజెప్పించుకుంటా. అరవ యాత్రికులు నన్నే కర్పూరం బేరమాడతారు." నవ్వి, గొంతు తగ్గించాడు. "తప్పినోళ్ళలో పన్నెండు మంది ఆర్నెల్లకి మళ్ళా రాసి గెలిచినారు. అది బడి లెక్కలోకి రాదు. మొదటే పేరు కొట్టేసుంటే వాళ్ళు మళ్ళా రాసేదెట్లా?"

దేవరాజులు సంచిలోంచి రిపోర్టు తీసి చూపించాడు.

"నీ మాట నిజమేనప్పా. అయినా పైవాళ్ళు సూసేది శాతమే. పదిహేను పేర్లు తీసెయ్యి, ఈ రిపోర్టు ఈడే చించేస్తా. నీ తరగతి నిలబడతాది." ఎర్రసిరా పెన్ను చేతికిచ్చాడు.

ప్రేమానందం జాబితాను చెట్టు మొదలుకు ఆనించి, ఒక్కో పేరూ పెదవులు కదుపుతూ చదివాడు. అడుగుకు వచ్చాక పెన్ను కదిలింది. దేవరాజులు ఊపిరి వదిలాడు.

కాగితం, పెన్ను తిరిగొచ్చాయి. ఒక్క పేరూ కొట్టెయ్యలేదు. నలభై కింద నలభై ఒకటి వేసి, నాగులమ్మ అని రాసి ఉంది.

"నాలుగు నెల్లు రాలేదు సార్ ఆ పిల్ల. పోయిన వారమే వచ్చింది. నేను రాసేది మరిచిపోయినా."

"మరి రిపోర్టు?"

ప్రేమానందం పొద్దు కేసి చూశాడు. బడిలో మధ్యాహ్నం గంట కొట్టే వేళవుతోంది; చంద్రగిరి చేరితే ఇంకో బస్సు దొరక్కపోదు. పంచె ఎగ్గట్టి రోడ్డెక్కాడు.

"అయివారూ! టైరు మారస్తా ఉండారప్పా!"

అతను వెనుదిరగలేదు, చంద్రగిరి వైపు నడిచిపోయాడు.