విప్పని గొడుగు

నగర్తపేటలో గొడుగులు బాగుచేసే జయరామప్ప కొట్టు నిండా ఊరివాళ్ల గొడుగులు వేలాడుతుంటాయి. తనకంటూ ఒక్కటి లేదు. సాయంత్రం అరుగు మీద స్నేహితులు చేరగానే ఒక చిక్కుప్రశ్న వదిలి, కళ్లు అరమోడ్చి కూర్చుంటాడు. వాళ్లు ఎన్ని ప్రశ్నలైనా అడగొచ్చు. అవునంటే నశ్యం డబ్బా మీద ఒక తట్టు, కాదంటే రెండు. అంతకు మించి నోట్లోంచి ఒక్క మాట రాలదు. యుద్ధం మూలంగా కాఫీలో చక్కెర తగ్గింది గానీ అతని బింకం తగ్గలేదు. ఈసారి ప్రశ్న వారం రోజులుగా నలుగుతోంది. జోరువానలో ఒక మనిషి చంకలో మంచి గొడుగు పెట్టుకుని, దాన్ని విప్పకుండా తడుస్తూ పోయాడు. ఎందుకు? “పిచ్చోడా?” అన్నాడు జరీ కొట్టు పెద్దమునియప్ప. రెండు తట్లు, కాస్త గట్టిగానే. “తడవాలని మొక్కుకోనుండాడా?” అన్నాడు దర్జీ తిమ్మరాయప్ప. మళ్లీ రెండు.

అంతలో వాన దంచికొట్టడం మొదలెట్టింది. ఆరింటికల్లా గొడుగు ఇంటికి తెచ్చిస్తానని జయరామప్ప ఒక బడిపంతులుకు మాటిచ్చి ఉన్నాడు. గడియారం చూశాడు, వాన చూశాడు, స్నేహితుల్ని దిగులుగా చూశాడు. చివరికి కొత్త కమ్మి వేసిన ఆ గొడుగును చంకన పెట్టుకుని, పంచె ఎగ్గట్టి, వానలోకి దిగాడు. పెద్దమునియప్ప అరుగు మీద ఎగిరి నిలబడ్డాడు. “జయరామప్పా! ఆ మనిషి చంకలో ఉండే గొడుగు ఇంకొకరిదా?” వీధి మధ్యలో జయరామప్ప ఆగాడు. వెనక్కి తిరగలేదు. డబ్బాను తల మీదికెత్తి, అందరికీ కనబడేలా ఒక్కటి తట్టాడు.