లోకల్ అనే తిట్టు

మా ప్రొద్దుటూరులో ‘లోకల్’ అనేది తిట్టు. కొన్న నెలకే తెగిపోయిన చెప్పు లోకల్. మొదటి ఉతుకుకే రంగు వెలిసిన చీర లోకల్. జ్వరం తగ్గించలేని డాక్టరు కూడా లోకలే. దానికి ఎదురుమాట ‘కంపెనీ’. కంపెనీ చెప్పు, కంపెనీ చీర. ఎక్కడి కంపెనీ అని ఎవరూ అడగరు, మన ఊరిది కాకపోతే చాలు. ఇది తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. మా బజారులో ఒక పూట నిలబడి చెవులు తెరుచుకుంటే సరిపోతుంది. దేశాన్ని ఉద్ధరించేవాళ్ళకు ఆ ఒక్క పూట తీరిక దొరకలేదు.

నేను కూలర్లు చేయిస్తాను. నాన్న పెట్టిన రేకు పని షెడ్డు జమ్మలమడుగు రోడ్డులో ఉంది. ఆయన బీరువాలు చేసేవాడు. ఇంటింటికీ ప్లైవుడ్ అల్మారాలు వచ్చి బీరువాలను మింగేశాక నేను కూలర్లకు దిగాను. షెడ్డులో నాకు కుడిచెయ్యి మా వీధి మామ. కువైట్‌లో రేకు మడిచి ఏసీ గొట్టాలు తయారుచేసే చోట ఏళ్ళ తరబడి పనిచేసి, మోకాళ్ళు అరిగాక తిరిగొచ్చిన మనిషి. వాళ్ళింటివాళ్ళు నమాజుకు పోయేవాళ్ళు, మేము గుడికి పోయేవాళ్ళం, వరస మాత్రం ఎప్పటినుంచో మామే. ఆయన నన్ను పాపా అంటాడు. నాకు నలభై దాటాయి, అయినా పాపనే.

మా కూలర్ చూడ్డానికి బాగుండదని నేనే ఒప్పుకుంటాను. ఇనుప రేకు డబ్బా, మూడు పక్కలా గడ్డి, లోపల పెద్ద ఫ్యాను. కానీ జమ్మలమడుగు నాపరాళ్ళ గనుల మీదుగా వచ్చే గాలి మొహం కాల్చే రోజుల్లో దాని ముందు కూర్చున్నవాళ్ళు లేవమన్నా లేవరు. కంపెనీ ప్లాస్టిక్ కూలర్ ముందు కూర్చున్నవాళ్ళు అది నడుస్తోందా లేదా అని వంగి చూస్తారు. చూసి, మళ్ళీ దాన్నే కొంటారు.

పోయిన ఎండాకాలానికి ముందు మామకు కువైట్ నుంచి కబురొచ్చింది. పాత యజమాని మళ్ళీ రమ్మన్నాడు, వీసా పంపుతానన్నాడు. అంతకు ముందు ఏడాది మా సరుకు సగం షెడ్డులోనే తుప్పు పట్టింది. ఈ ఏడాదీ అంతే అయితే షెడ్డు మూసెయ్యడం తప్ప నాకు దారి లేదు, ఆ మోకాళ్ళతో మళ్ళీ ఆ ఎడారికి పోవడం తప్ప ఆయనకూ దారి లేదు. ఎండలు ముదిరేలోపు ఏదో ఒకటి తేల్చి చెబుతానని ఏజెంటుతో అన్నాడు.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వ పరిశ్రమల ఆఫీసువాళ్ళు మమ్మల్ని ఒక సభకు పిలిచారు. దేశంలో తయారీ పెరగాలట, మన వస్తువులు మనమే చేసుకుని మనమే కొనుక్కోవాలట, అప్పుడు దేశం నిలబడుతుందట. ఊళ్ళోని చిన్న షెడ్లవాళ్ళందరినీ ఒక కల్యాణమండపంలో కూర్చోబెట్టారు. మా కూలర్లు కూడా తెమ్మన్నారు. మోసుకుపోయాం. వేదిక మీద పెద్దల పక్కన మాత్రం తెల్లటి ప్లాస్టిక్ కూలర్లు నిలబెట్టారు. మావి వంటశాల దగ్గర పెట్టించారు. ఫోటోలో బాగుండవని వాళ్ళ మనిషి ఒకడు నాకు ఓపిగ్గా నచ్చజెప్పాడు. ఆ రోజు హాయిగా కూర్చున్నది బిరియానీ వండినవాళ్ళే.

వేదిక మీది పెద్దమనిషికి గ్రాఫులంటే మహా ఇష్టం. గీత పైకి పోతుంటే ఆయన చెయ్యి కూడా పైకి పోయేది. మూసుకుంటున్న షెడ్ల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. మన దగ్గర లోపమల్లా గర్వం లేకపోవడమేనని తేల్చేశాడు. కరెంటు కోతలు కాదు, రేకు ధర కాదు, గర్వం. అందుకు మందు కూడా తెచ్చాడు. సంచుల నిండా స్టిక్కర్లు. మూడు రంగుల అంచు, మధ్యలో జానెడు అక్షరాలతో ‘లోకల్’, కింద చిన్నగా ‘మన గర్వం’. ప్రతి వస్తువు మీదా కనబడేలా అంటించాలి. అంటించిన షెడ్ల సరుకును పట్టణాల్లో అంగళ్ళవాళ్ళతో మాట్లాడి పెట్టిస్తామన్నారు. అంతమంది చదువుకున్నవాళ్ళలో, ఆ మాట ఈ జిల్లాలో ఏ అర్థంతో తిరుగుతోందో ఒక్కడు కూడా అడగలేదు. అంత నిబ్బరమైన తెలివితక్కువతనం జీతం తీసుకునేవాళ్ళకే సాధ్యం.

షెడ్డుకు వచ్చాక మామ ఆ స్టిక్కరు చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఇది అంటిస్తే మన సరుకును మనమే తిట్టుకున్నట్టుంటాది పాపా,” అన్నాడు.

నాకు తెలియదా. కానీ స్టిక్కరు లేకపోతే పులివెందుల అంగట్లో చోటు రాదు. అక్కడ పెద్ద సామాన్ల అంగడి ఆయన ఆఫీసువాళ్ళ మాట మీదే మా సరుకు దించుకోవడానికి ఒప్పుకున్నాడు. అంటించాం. చిలమకూరు వైపు సిమెంటు దుమ్ము తింటూ లారీ పులివెందుల చేరింది.

వారం తిరక్కుండానే అంగడాయన రమ్మని ఫోను చేశాడు. పోయి అంగట్లో కూర్చున్నాను. వేముల నుంచి ఒక రైతు వచ్చాడు. మా కూలర్ ముందు నిలబడ్డాడు, తుండుగుడ్డ తీసి మెడ తుడుచుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. అంత సుఖంగా నిలబడిన మనిషిని నేను ఈ మధ్య చూడలేదు. కళ్ళు తెరిచాక స్టిక్కరు చదివాడు.

“లోకలా? మొదట్నే చెప్పొద్దాప్పా,” అన్నాడు అంగడాయనతో, తనను ఎవరో మోసం చేయబోయినట్టు. ప్లాస్టిక్ కూలర్ కట్టించుకుని పోయాడు.

నాకు నవ్వు రాలేదు. ఆ రైతు మీద కూడా ఒళ్ళు మండింది. గాలి తన మొహానికే తగిలింది, తన మెడే ఆరింది, అయినా చర్మం చెప్పింది నమ్మకుండా అక్షరం చెప్పింది నమ్మాడు. అంగడాయన మాత్రం సరుకు వెనక్కు తీసుకుపొమ్మన్నాడు, లేదంటే ఏదో ఒక కంపెనీ పేరు పెట్టుకు రమ్మన్నాడు.

కూలర్లు షెడ్డుకు తిరిగొచ్చాయి. కిరసనాయిలుతో స్టిక్కర్లు గీకడం మొదలుపెట్టాం. ప్రభుత్వం సొమ్ముతో జరిగిన పనుల్లో అంత గట్టిగా అతుక్కున్నది అదొక్కటే. స్టిక్కరు అంచులు రంగుతో పాటు ఊడి, రేకు బయటపడి, మధ్యలో ఆ అక్షరాలే చదవగలిగేలా మిగిలాయి. వాటి మీద మరో పెద్ద స్టిక్కరు వేసి కప్పక తప్పదు. ఏం రాయించాలి? ఇంగ్లీషు పేర్లు నాలుగు అనుకున్నాం. ఏదీ నోటికి పట్టలేదు. చివరికి మామే అన్నాడు, కువైట్ మోడల్ అని రాయించమని.

నేను ఆయన మొహం చూశాను. మా జిల్లాలో ఆ మాటకున్న విలువ ఎవరికి తెలియదు? కువైట్ దుప్పటి అంటే కొత్త పెళ్ళికూతురికైనా పెడతారు. కువైట్ సెంటు అంటే సీసా ఖాళీ అయినా పారెయ్యరు. అబద్ధం కూడా కాదన్నాడు మామ, రేకు మడత పెట్టే తీరు ఆడ నేర్చుకున్నదే కదా అన్నాడు. బంగారు రంగు అక్షరాలతో స్టిక్కర్లు కొట్టించాం.

పులివెందులలో ఆ సరుకు నిలవలేదు. అంగడాయన మళ్ళీ పంపమన్నాడు. వేముల రైతు తన బంధువు కోసం మళ్ళీ వచ్చాడట. అదే కూలర్ ముందు, అదే తుండుగుడ్డతో నిలబడి, గాలంటే ఇదీ, మనోళ్ళు ఎప్పుడు నేర్చుకుంటారో అన్నాడట. అంగడాయన ఫోనులో నవ్వుతూ చెప్పాడు. ఆఫీసువాళ్ళు కూడా ఊరుకోలేదు. విదేశీ సరుకు అమ్ముతున్నామని మా షెడ్డును గర్వించదగ్గ షెడ్ల జాబితా నుంచి తీసేసినట్టు కబురు పంపారు. దేశం ఆ రోజు ఎంత నిలబడిందో నాకు తెలియదు, మా షెడ్డు మాత్రం నిలబడింది.

రైతు అన్న మాట మామకు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన నవ్వలేదు. ఏజెంటుకు ఫోను చేసి తాను రావడం లేదని చెప్పేశాడు. ఆ మాట కోసం నెలల తరబడి ఎదురుచూశాను. ఫోను జేబులో పెట్టుకుని రేకుల మీద కూర్చున్నాడు.

“ఆడ నేను మడత పెట్టిన రేకు చూసి ఇండియన్ పని అని తీసిపారేస్తాండ్రి పాపా. దాని మీద వేరే దేశం పేరు కొడితే కొంటాండ్రి. ఈడికొస్తే లోకల్ అంటాండారు. నా చెయ్యి యాడిదో నాకే తెలీకుండా పోయింది.”

ఆయన లేచి, బంగారు రంగు స్టిక్కరు ఒకటి తీసి, వరసలో ఉన్న కూలర్‌కు అంటించి, లోపల గాలి బుడగ మిగలకుండా బొటనవేలితో నొక్కాడు.